మా ప్రహరీ దాటని రేడియో స్టేషను

మా అత్తగారు నాతో మాట్లాడరు. ఇందులో తగువేమీ లేదు. మా పెళ్ళయి ముప్పై ఒక్క సంవత్సరాలయింది. ఇంతకాలంలో ఆవిడ నన్ను ఉద్దేశించి తిన్నగా పలికిన వాక్యాలు నా లెక్క ప్రకారం పదిలోపే ఉంటాయి. అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోకూడదు, అల్లుణ్ణి ఏదీ అడగకూడదు, అల్లుడు చేసినదానికి వంక పెట్టకూడదు. ఈ మూడు నియమాలనూ ఆవిడ పుట్టింటినుంచి తెచ్చుకున్నారు. నాతో చెప్పవలసిందేమైనా ఉంటే గోడతో చెబుతారు. "వాళ్ళు కాఫీ తాగారో లేదో" అని వంటింటి గోడను అడుగుతారు. హాల్లోంచి నేను "తాగానండి" అంటాను. గోడ మీదుగా సాగే ఈ సంభాషణలో గౌరవానికి ఎన్నడూ లోటు రాలేదు.

నేనేమో పాలిటెక్నిక్‌లో ఇరవై తొమ్మిదేళ్ళపాటు కమ్యూనికేషన్ ఇంజినీరింగు బోధించి కిందటేడు రిటైరైనవాణ్ణి. సంకేతం పంపే యంత్రం ఒక డబ్బా, అందుకునే యంత్రం ఒక డబ్బా, రెంటికీ మధ్య బాణం గుర్తు, బాణం మీద పిచ్చిగీతలుగా రొద. ఈ బొమ్మను నల్లబల్ల మీద కొన్ని వందల సార్లు గీసి ఉంటాను. పంపినది అందిందో లేదో అవతలివాడు తిరిగి చెబితే తప్ప మనకు తెలియదని ప్రతి ఏడూ మొదటి వారంలోనే చెప్పేవాణ్ణి. పరీక్షలో ఆ ప్రశ్నకు రెండు మార్కులు. ఇక్కడ రాయబోయేది నాకు ఆ రెండు మార్కులూ రాని సంగతి.

అత్తగారిది మొగల్తూరు దగ్గర పల్లె. మామగారు పోయాక ఇరవై ఏళ్ళు ఆవిడే దగ్గరుండి వ్యవసాయం చేయించారు. నీటికాసుల జబ్బుతో చూపు మసకబారి, వెలుగూ నీడా తప్ప మనుషుల మొహాలు ఆనని స్థితి వచ్చాక, పొలం కౌలుకిచ్చి రాజమండ్రిలో మా ఇంటికి వచ్చారు. వెంట తెచ్చుకున్నవి రెండు: ఒక ట్రంకుపెట్టె, ఒక ట్రాన్సిస్టరు. ట్రాన్సిస్టరుకు తోలు తొడుగు ఉంది. కుడివైపున రెండు చక్రాలున్నాయి. పైది తిప్పితే శబ్దం పెరుగుతుంది, కిందది తిప్పితే స్టేషను మారుతుంది. పక్కన ఒక చిన్న మీట, మీడియం వేవుకో ఎఫ్ఎమ్‌కో మార్చుకోవడానికి.

ఆ వస్తువు విలువ నాకు మొదట్లోనే తెలుసు. మందుబిళ్ళ కావాలంటే ఆవిడ ఎవరినో పిలవాలి. ఫోను వస్తే ఎవరో తీసి చెవికి ఆనించాలి. మా ఆవిడ ఆ మధ్య అత్తగారికి కొనిచ్చిన కొత్త ఫోను వేలికి ఏమీ తగలని నున్నటి అద్దం. ఆవిడ దాన్ని "పలక" అంటారు. పలక మీద ఏ పాట ఎక్కడుందో చూపున్నవాళ్ళకే సరిగా తెలియదు. ఎవరినీ పిలవకుండా, ఎవరినీ అడగకుండా ఆవిడ తన చేత్తో తాను నడుపుకోగలిగిన యంత్రం ఈ ఇంట్లో ఆ ట్రాన్సిస్టరు ఒక్కటే. అది పలకడం మానేస్తే ఆవిడకు మిగిలేది మా ఇద్దరినీ పిలవడం. అందులో నన్ను పిలవరు. మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్ళి సాయంత్రం ఆరు దాటాక వస్తుంది.

ఆ ట్రాన్సిస్టరు మా ఇంట్లో అడుగుపెట్టిన రోజే పలకడం మానేసింది. పల్లెలో మీడియం వేవు మీద ఖంగుమని పలికిన రేడియో ఇక్కడ ఝుమ్మని తుమ్మెదల గూడులా మోగింది. దోషం రేడియోది కాదు. మా ఇంట్లో పద్నాలుగు ఎల్ఈడీ దీపాలున్నాయి, నేను స్వయంగా బిగించిన ఇన్వర్టరు ఉంది, ఇంటర్నెట్టు పెట్టె ఉంది. ఒక్కొక్కటీ మీడియం వేవు మీద తన వంతు రొద వెదజల్లుతుంది. కొలిచి చూశాను. అన్నింటిలోకీ పెద్దది నా ఇన్వర్టరుదే.

"అమ్మ రేడియో రావట్లేదుటండీ" అంది మా ఆవిడ.

"ఏం వింటారు ఆవిడ?"

"ఏముంది, పాటలూ హరికథలూ. పెద్దవాళ్ళు ఏం వింటారు?"

నేను ఒక కొత్త దస్త్రం తెరిచి, మొదటి పేజీలో "అవసరం: పాటలు, హరికథలు" అని రాసి కింద గీత కొట్టాను. గీత కొట్టానంటే నా దృష్టిలో ఆ విషయం ముగిసినట్టు.

పరిష్కారం నాకు క్షణంలో స్ఫురించింది. కార్లలో పాటలు వినడానికి అమ్మే అగ్గిపెట్టెంత ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటరు ఒకటి తెచ్చి, దానికి పాటలున్న పాత ఫోను తగిలిస్తే, ఇంటివరకూ మనదే ఒక స్టేషను. ఎఫ్ఎమ్‌కు ఈ రొద బాధ తక్కువ. అత్తగారు తన ట్రాన్సిస్టరునే వాడుకోవచ్చు.

ఇక్కడ చట్టం అడ్డొచ్చింది. అంటే, చట్టం దాని దారిన అది ఉంది, నేనే వెళ్ళి దానికి అడ్డంగా నిలబడ్డాను. మామూలు మనిషి డబ్బా విప్పి వాడుకుంటాడు. నేను డబ్బాలోని కాగితం చదివాను. ఈ పరికరం నియమాలకు లోబడినదని అందులో ఉంది. ఏ దేశపు నియమాలకో లేదు. గాలిలోకి సంకేతం వదలాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్నది మన దగ్గర మూలసూత్రం. అతి తక్కువ శక్తితో పనిచేసే చిన్న పరికరాలకు సడలింపులున్నాయి, వాటికి పట్టికలున్నాయి, పట్టికలకు సవరణలున్నాయి. మూడు రోజులు వాటిలో మునిగి, చివరికి ఏ పట్టికకన్నా కఠినమైన నియమం ఒకటి నాకు నేనే పెట్టుకున్నాను: మా ఇంట్లో పాడిన పాట మా ప్రహరీ దాటి వినిపించకూడదు.

శక్తి తగ్గించడానికి ఆ పరికరానికి మీట లేదు. అందుకని దాన్ని అల్యూమినియం టిఫిను డబ్బాలో పెట్టాను. మూత రెండు వేళ్ళ వెడల్పు తెరిస్తే పాట వీధి మలుపు దాకా పోయింది. పూర్తిగా మూస్తే అత్తగారి గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఒక చెంచా కాడ మందాన తెరిచి ఉంచితే సరిగ్గా కావలసినంత. చెంచాను అక్కడే దారంతో కట్టేశాను. మా ఆవిడ వంటింట్లో ఒక చెంచా తగ్గిందని రెండు రోజులు వెతికింది.

తరువాతి ఆదివారం ఉదయం ఇంకో రేడియోను మెడలో వేలాడేసుకుని, ప్రహరీ వెలుపల రెండేసి మీటర్లకు ఒకసారి ఆగుతూ, సుద్దముక్కతో గోడమీద గుర్తు పెడుతూ, తల ఒక పక్కకు వాల్చి వింటూ ప్రదక్షిణం చేశాను. మా పక్కింట్లో కింద కిరాణా కొట్టు, పైన కాపురం. కొట్టాయన తలుపు తీస్తూ ఆగాడు.

"ఏం పోయిందండీ మాస్టారూ?"

"ఏమీ పోలేదండీ. ఏమైనా బయటికి పోతోందేమోనని చూస్తున్నాను."

ఆయన ఒకసారి తన చేతిలోని తాళంకప్ప వైపు, ఒకసారి నా మెడలోని రేడియో వైపు చూసి, "పోతే చెప్పండి, పట్టుకుందాం" అని లోపలికి వెళ్ళాడు.

ముప్పై నాలుగు గుర్తులు. ముప్పై నాలుగు చోట్లా నిశ్శబ్దం. "ప్రహరీ వెలుపల వినదగిన సంకేతం లేదు" అని దస్త్రంలో రాసి సంతకం చేశాను. సాక్షిగా మా ఆవిడ సంతకం కూడా తీసుకున్నాను. ఆమె సంతకం కింద "టిఫిను చల్లారిపోయింది" అని చేర్చింది. అది కూడా నిజమే కనుక కొట్టెయ్యలేదు.

ఇక పాటల సంగతి. మా ఆవిడ చిన్నప్పటి క్యాసెట్లలో బాగా మిగిలినది ఒక్కటే, ఏదో దేవుడి కల్యాణం హరికథ. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, గరగర తీసేసి, హెచ్చుతగ్గులు సవరించడానికి వారం పట్టింది. ఆ వారమంతా నేను దాన్ని వినలేదు, చూశాను. శబ్దం తెరమీద కొండల వరుసలా కనిపిస్తుంది. మొదలు బాగుంది, చివర బాగుంది. అయిపోగానే మళ్ళీ మొదటినుంచి వచ్చేలా అమర్చాను. మిగతా పాటలు తీరిగ్గా చేర్చవచ్చుననుకున్నాను.

ఆఖరి పని ట్యూనింగు. పాత రేడియోలలో ఎండవేళకు ముల్లు కాస్త జారుతుంది. స్టేషను తప్పిపోతే ఆవిడ వెతుక్కోలేరు గదా అని, సరైన చోట కుదిర్చి, చక్రం మీద కరిగిన కొవ్వొత్తి మైనం నాలుగు చుక్కలు వేశాను. రేడియో లోపలి తీగచుట్టలు కదలకుండా కర్మాగారాల్లో అలాగే మైనం వేస్తారు. ఆ పద్ధతి ఆవిడ చేతికింది చక్రానికి కూడా వర్తిస్తుందని నాకు నేనే నిర్ణయించుకున్నాను. స్విచ్చి వేస్తే హరికథ, ఆపేస్తే నిశ్శబ్దం. పొరపాటుకు తావు లేదు.

మొదటి రోజు నుంచీ నేను పర్యవేక్షణ మొదలుపెట్టాను. రోజుకు నాలుగైదు సార్లు ఆవిడ గది దాకా వెళ్ళేవాణ్ణి. నా చెప్పుల చప్పుడు వినగానే ఆవిడ మంచం మీదనుంచి లేచి నిలబడేవారు. నేను గోడతో "రేడియో స్పష్టంగా వస్తోందాండీ?" అనేవాణ్ణి. ఆవిడ గోడతో "బాగానే వస్తోంది. పాపం, వాళ్ళకి శ్రమ" అనేవారు. నేను వచ్చి దస్త్రంలో "బాగుంది" అని రాసేవాణ్ణి. డెబ్భై ఆరేళ్ళ మనిషిని రోజుకు అయిదుసార్లు లేపి నిలబెట్టి బాగుందనిపించుకుంటున్నానన్న సంగతి దస్త్రంలో ఏ గడిలోనూ పట్టలేదు. పదకొండు రోజులు, యాభై మూడు "బాగుంది"లు, ఫిర్యాదులు సున్న. నా ఉద్యోగ జీవితంలో ఇంత చక్కటి ఫలితం నేనెరుగను.

పన్నెండో రోజు మధ్యాహ్నం దొడ్లో కరివేపాకు తుంచుతుంటే, కొట్టాయన భార్య వాళ్ళ డాబా మీదనుంచి పలకరించింది. ఆవిడా మా అత్తగారూ రోజూ గోడ దగ్గర నిలబడి గంటసేపు మాట్లాడుకుంటారు. ఆ గోడ దగ్గర ఎలాంటి నియమాలూ లేవు.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకపోతే ఓ మాట."

"చెప్పండమ్మా."

"ఆ పెళ్ళి ఇవాళైనా అవుతుందాండీ?"

"ఏ పెళ్ళండీ?"

"అదేనండీ, ఆ హరికథలో. పదకొండు రోజుల్నుంచీ వింటున్నాం. పందిరి వేస్తారు, విడిదికి వస్తారు, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తారు, బాజాలు మోగుతాయి... సరిగ్గా తాళి దగ్గరికొచ్చేసరికి మళ్ళీ పందిరి రాటలు పాతుతున్నారు. నిన్న ఒకాయన చింతపండు కోసం వచ్చి, పెళ్ళి చూసి వెళ్తానని మా కొట్లో గంటసేపు కూర్చున్నాడండీ."

నా చేతిలోని కరివేపాకు జారిపోయింది. ఒకే మాటలో రెండు పిడుగులు. హరికథ సగంలో తెగింది; నేను క్యాసెట్టు ఒక పక్క మాత్రమే ఎక్కించి, రెండో పక్క సంగతే మరిచాను. అది సరే. కానీ ఆవిడ "వింటున్నాం" అంది.

"మీరు... మీరెలా వింటున్నారండీ?"

"మా కొట్లో రేడియోకి వస్తోంది కదండీ. ఖంగుమని."

చెప్పులు తొడుక్కోకుండానే కొట్లోకి పరిగెత్తాను. కొట్టాయన బెల్లం తూస్తున్నాడు. అరమీద రేడియో. దాని ఏంటెనా విరిగి ఎన్నాళ్ళయిందో. విరిగిన మొదట్లోనుంచి ఒక రాగితీగ కిటికీలోంచి పైకి పోయింది. తీగ వెంట తల ఎత్తి చూసుకుంటూ వెళ్ళాను. అది బట్టలారేసే ఇనపతీగకు చుట్టి ఉంది. ఆ ఇనపతీగ వాళ్ళ డాబానుంచి మా డాబా స్తంభానికి కట్టి ఉంది. మా స్తంభానికి సరిగ్గా కింద కిటికీలో టిఫిను డబ్బా, చెంచా, మా స్టేషను.

బట్టల తీగ ఎప్పుడు కట్టారని మా ఆవిడ రాగానే అడిగాను.

"మీరు గోడచుట్టూ సుద్దగీతలు గీసిన మర్నాడు. నేనూ పక్కింటావిడా కలిసి కట్టుకున్నాం, దుప్పట్లు ఆరట్లేదని. ఏం?"

"ఏమా? ఆ తీగ నా సంకేతాన్ని పక్కింటికి మోసుకుపోయింది. ప్రహరీ దాటింది. నేను రాసిన పత్రం అబద్ధమైంది. ఎవరైనా కొలిచే పరికరాలు పెట్టుకుని జీపులో వస్తే?"

"మీకోసం జీపేసుకుని ఎవరొస్తారండీ? మన సందులోకి ఆటోయే రాదు."

ఆ సాయంత్రమే ఇనపతీగ విప్పేసి నైలాను తాడు కట్టాను. పది నిమిషాల పని. కిందికి దిగుతుంటే కొట్టాయన అడ్డం పడ్డాడు. "ఇదేంటండీ మాస్టారూ, పీటల మీదనుంచి లేపేశారు! ఆ పెళ్ళేదో అయ్యాక కట్టుకోవచ్చుగా తాడు?" చట్టం సంగతి ఆయనకు వివరించాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే తాళి కట్టడం నేరమాండీ?" అన్నాడు.

ఆయన భార్య మాత్రం నవ్వలేదు. మా గేటు దాకా నాతో వచ్చి గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారూ, నేను చెప్పానని పిన్నిగారితో అనకండి. ఆవిడకి హరికథ అక్కర్లేదండీ. సాయంత్రం పూట రైతుల కార్యక్రమం వస్తుంది చూడండి, వాన కబురూ, తెగుళ్ళూ, మందులూ... అది కావాలి. ఊళ్ళో ఒక్కరోజు మానేవారు కాదుట. ఇప్పటికీ ఆదివారం ఆదివారం కౌలుదారు ఫోన్ చేసి 'ఏం చేద్దామండీ' అని అడుగుతాడు కదా. ఇన్ని వారాలుగా ఏమీ తెలియక, 'నీకెలా తోస్తే అలా చెయ్యి నాయనా' అంటున్నారు. ఆ మాట చెప్పి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారండీ."

"మరి నాతో... మా ఆవిడతోనైనా..."

"చెప్పమన్నానండీ. 'అల్లుడుగారు అంత కష్టపడి అమర్చారు. మార్చమని ఏ మొహం పెట్టుకుని అడుగుతానమ్మా' అన్నారు."

ఇంట్లోకి వచ్చేసరికి అత్తగారు దేవుడి గదిలో ఉన్నారు. ఆవిడ మంచం పక్కన బల్లమీద ట్రాన్సిస్టరు ఉంది. చేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పి చూశాను. నేను వేసిన నాలుగు మైనపు చుక్కల్లో మూడు నున్నగా ఉన్నాయి. నాలుగోదాని మీద గోటి గీతలున్నాయి. సన్నగా, ఒకదాని పక్కన ఒకటి, పది పన్నెండు. ఒకేసారి గీసినవి కావు. కొన్ని పాతబడి మట్టి పట్టాయి, ఒకటి రెండు తెల్లగా ఉన్నాయి. రోజుకొకసారి, ఎవరూ లేనప్పుడు, వేలితో తడిమి, గోటితో కాస్త గీకి, రాకపోతే వదిలేసి ఉంటారు. ఆ తరువాత నా చెప్పుల చప్పుడు వినిపించి, లేచి నిలబడి, గోడతో "బాగానే వస్తోంది" అని ఉంటారు.

దస్త్రంలో నేను రాసుకున్న యాభై మూడు మాటలకన్నా ఆ గీతలు స్పష్టంగా ఉన్నాయి. అత్తగారి మంచం మీద కూర్చున్నాను. అదీ మా ఇంట్లో ఎన్నడూ జరగని పనే.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. జరిగింది చెప్పాను.

"నువ్వేగా పాటలూ హరికథలూ అన్నావు?"

"అన్నాను. ముప్పై ఏళ్ళలో నేనన్న వాటిల్లో మీరు విన్నది అదొక్కటే. దానికేనా ఇప్పుడు నన్నంటున్నారు?" అని, కాసేపటికి తనే మెత్తబడింది. "నాకూ తెలియలేదండీ. నేను ఆ ఇంట్లో ఉన్నప్పుడు రేడియో నాన్నది. అమ్మ వంటింట్లోంచి వినేది. ఏం వినేదో నేనెప్పుడూ అడగలేదు."

"ఇప్పుడు వెళ్ళి అడుగుదామా?"

"అడిగితే ఏమంటుంది? ఉన్నది చాలమ్మా అంటుంది. అడగకుండా దొరికేలా చెయ్యండి. ఇంజినీరేగా మీరు."

ఇరవై తొమ్మిదేళ్ళలో నాకు ఇంత స్పష్టంగా సమస్యను విడమరిచి చెప్పినవారు లేరు. ఆవిడకు కావలసింది ఫలానా స్టేషను కూడా కాదు, తిప్పుకోవడానికి ఒక చక్రం. ఇది నచ్చకపోతే అది, అది నచ్చకపోతే ఇంకోటి, ఏదీ నచ్చకపోతే కట్టెయ్యడం. నేను ఒకే స్టేషను పెట్టి, చక్రానికి మైనం వేసి, మార్చాలంటే నన్నే అడగవలసిన యంత్రం తయారుచేశాను. ప్రపంచంలో ఆవిడ అడగలేని మనిషి ఒక్కడుంటే, సరిగ్గా వాడి చేతికి తాళం ఇచ్చాను.

ఇంకో రెండు ట్రాన్స్‌మిటర్లు తెచ్చాను. ఎఫ్ఎమ్ పట్టీలో ఎడమ కొస దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, కుడి కొస దగ్గర ఒకటి. చక్రాన్ని ఎడమకు ఆగేదాకా తిప్పి ఒక్క పిసరు వెనక్కి వస్తే మొదటి స్టేషను, కుడికి ఆగేదాకా తిప్పి అలాగే వస్తే మూడోది. చూపు అవసరం లేదు, వేలికి తెలుస్తుంది. కుడి కొసన హరికథ. ఈసారి క్యాసెట్టు తిప్పి రెండో పక్క కూడా ఎక్కించాను, పెళ్ళి నిర్విఘ్నంగా జరిగింది. మధ్యలో పాత పాటలు. ఎడమ కొసన, పాత ఫోను ఇంటర్నెట్టులో తెచ్చే అసలు రేడియో స్టేషను. మీడియం వేవు మీద నా ఇన్వర్టరు మింగేసిందే, అది. మూడు టిఫిను డబ్బాలు, మూడు చెంచాలు. ఈసారి చెంచాలు నేనే కొని తెచ్చాను.

మళ్ళీ ఆదివారం, మళ్ళీ మెడలో రేడియో, మళ్ళీ ముప్పై నాలుగు గుర్తులు, గుర్తుకు మూడేసి సార్లు. నైలాను తాడు కింద ప్రత్యేకంగా రెండుసార్లు. కొట్టాయన నా వెనకే నడిచాడు. "ఒక్క చోట కొంచెం లీకవనివ్వండి మాస్టారూ, మీ సొమ్మేం పోయింది" అన్నాడు. లీకవనివ్వలేదు. హరికథ మాత్రం పూర్తిగా ఒక పెన్‌డ్రైవులో వేసి ఆయన చేతికిచ్చాను. చింతపండుకు వచ్చినాయన కూడా పెళ్ళి చూశాడని తరువాత తెలిసింది.

మైనాన్ని వేడి చెంచాతో కరిగించి తుడిచేశాను. గీతలున్న చుక్కను తుడిచేముందు కాస్త ఆగాను. తరువాత దాన్నీ తుడిచాను. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య బుస్సుమనే శబ్దాన్ని కూడా తీసేయవచ్చు. తీసేద్దామనుకున్నాను, ఎవరూ నన్ను అడగలేదని గుర్తొచ్చి వదిలేశాను. రేడియోను బల్లమీద యథాస్థానంలో పెట్టి, ఎవరికీ ఏమీ వివరించకుండా హాల్లోకి వచ్చేశాను. వివరించకుండా ఉండడం నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

సాయంత్రం నాలుగున్నరకు లోపల స్విచ్చి చప్పుడైంది. హరికథ. కాసేపటికి అది బుస్సులోకి జారింది. ఆగింది. మళ్ళీ హరికథ. చక్రం తిరుగుతోందని ఆవిడకు అర్థమైన క్షణం అదే అనుకుంటాను. తరువాత బుస్సు, ఒక పాట చరణంలో సగం, బుస్సు, ఆ పైన చాలాసేపు బుస్సు, చివరికి ఒక మగగొంతు వరిని పీల్చేసే సుడిదోమ గురించి నింపాదిగా చెబుతూ వినిపించింది. అక్కడ ఆగిపోయింది. నేను కుర్చీలోంచి కదల్లేదు. కాళ్ళు చెప్పుల్లో పెట్టలేదు.

"ముందు నీళ్ళు తియ్యమని చెప్పవేం?" అని లోపలినుంచి అత్తగారి గొంతు గద్దించింది. "నీళ్ళు తియ్యకుండా మందు కొడితే ఏం లాభం? చేలో గాలాడడానికి కాలిబాటలు వదిలారో లేదో అడుగు ముందు!"

ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఆ గొంతు నేను వినలేదు. ఆ శాస్త్రవేత్త ఎవరో గాని, గోడ అడ్డం లేకుండా ఆవిడతో చివాట్లు తిన్నాడు. నాకు అతని మీద చెప్పలేనంత అసూయ కలిగింది.

ఆ ఆదివారం కౌలుదారు ఫోన్ చేశాడు. మా ఆవిడ ఫోను ఆవిడ చెవికి ఆనించింది. "ఏం చేద్దామండీ" అని అతను అడిగే ఉంటాడు. "మంగళవారం వానుందిట. ఇవాళే నీళ్ళు తీసి చేను ఆరగట్టు. మందు ఇప్పుడొద్దు. దుబ్బు మొదట్లో చూశావా? చూడకుండా ఫోనెందుకు చేశావు?" అన్నారు అత్తగారు. ఫోను పెట్టేశాక మంచినీళ్ళు అడిగి తాగారు.

ఇక ఒక్కటే మిగిలింది. ఇంటర్నెట్టు ద్వారా వచ్చే ప్రసారం అసలు ప్రసారం కన్నా వెనకబడి వస్తుంది. నేను కొలిచాను, నలభై సెకన్లు. స్టేషనువాళ్ళు ఆరు గంటలయిందని చెప్పేసరికి మా హాల్లోని గోడగడియారం ఆరు కొట్టి నలభై సెకన్లు దాటిపోతుంది. ఆ గడియారం నాది. ప్రతి శనివారం సెకనుకు సెకను సరిచూసి సవరిస్తాను. వీధిలో కొందరు దాన్ని బట్టి తమవి దిద్దుకుంటారు. ఈ ఇంట్లో నా పరువు ఏ వస్తువు మీదైనా ఆధారపడి ఉందంటే దానిమీదే.

మొన్న ఒక సాయంత్రం, మా ఆవిడ ఇంకా స్కూలునుంచి రాలేదు. హాల్లో గడియారం ఆరు కొట్టింది. కొంతసేపటికి లోపల రేడియో సమయం ఆరు గంటలంది. నేను నీళ్ళ సీసా పెట్టడానికి ఆవిడ గదిలోకి వెళ్ళాను. చెప్పులతోనే వెళ్ళాను. ఆవిడ రేడియో ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. చక్రం మీద వేలుంది. వార్తలు మొదలవుతున్నాయి. నేను వచ్చినట్టు ఆవిడకు తెలుసు. లేవలేదు.

"హాల్లో గడియారం నిమిషం ముందు నడుస్తోంది" అన్నారు, రేడియో వైపు మొహం పెట్టే. "వాళ్ళు అంత గట్టివాళ్ళు, అదెందుకు చూసుకోరో."

ఇది ఫిర్యాదు. నా మీద. ఆలస్యం ఎక్కడినుంచి వస్తుందో, ప్రసారం ఎన్ని యంత్రాల గుండా ప్రయాణించి ఈ గదికి చేరుతుందో, నా గడియారం ఎందుకు తప్పు కాదో రెండు డబ్బాల బొమ్మతో సహా నా నోటిదాకా వచ్చింది.

"చూస్తానండి" అన్నాను.

హాల్లోకి వచ్చి, స్టూలు వేసుకుని ఎక్కి, గడియారం అద్దం తలుపు తెరిచి, లోలకాన్ని వేలితో పట్టుకుని ఆపాను. నా చేతి గడియారంలో నలభై సెకన్లు లెక్కపెట్టి వదిలాను. కింద మా ఆవిడ అప్పుడే వచ్చి చేతిసంచీతో నిలబడి చూస్తోంది.

"ఏం చేస్తున్నారండీ?"

"గడియారం తప్పు నడుస్తోందిట. సరిచేస్తున్నాను."

దస్త్రం తీసి రాద్దామని కూర్చున్నాను గాని, ఏ గడిలో రాయాలో తెలియలేదు. మూసేశాను.